లెక్క కట్టినవాడి పేరు

పోయిన నెల సిడ్నీ దగ్గర కెల్లీవిల్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. పక్కన కూర్చున్నాయన పప్పన్నం కలుపుకుంటూ మాటల మధ్యలో అన్నాడు: "మన పంచాంగం భాయ్ పోయాడంట కదండీ, పెర్త్‌లో. రెండు వారాలైందంట."

"అయ్యో, అవునా" అన్నాను. ఆ అయ్యో ఎంత మామూలుగా వచ్చిందంటే నా మీద నాకే ఒళ్లు మండింది.

"మీకు బాగా తెలుసనుకుంటా కదా ఆయన?"

"మెల్‌బోర్న్‌లో ఒకే ఆఫీసులో చేశాం లెండి" అన్నాను. ఒకే ఆఫీసంట, నా మొహం! ఆ మనిషి పదేళ్లకు పైగా పెంచుకున్న పనిని నేను చేతుల్లోకి తీసుకుని ఇరవై ఏళ్లు నా పేరు మీద నడుపుకున్నాను. అలాంటిది, పోయాడని తెలిస్తే నోట్లోంచి వచ్చింది ఒకే ఆఫీసు అన్న ముక్క. పప్పన్నం తిన్నాను, పెరుగన్నం దాకా తిన్నాను, తాంబూలం తీసుకుని ఇంటికొచ్చాను.

భాయ్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన పిడికిలి. సెయింట్ కిల్డా రోడ్డు మీద ట్రామ్ కోసం నిలబడితే, ఉన్నట్టుండి కుడిచెయ్యి బారగా చాచి, ఒక కన్ను మూసి, పిడికిలి మీద పిడికిలి పెట్టి సూర్యుడు బిల్డింగుకి ఎంత ఎత్తులో ఉన్నాడో కొలిచేవాడు. "రెండు పిడికిళ్లు, ఒక వేలు" అని తనలో తనే అనుకునేవాడు. చుట్టుపక్కల జనం కాస్త ఎడంగా జరిగేవాళ్లు. నేనూ జరిగేవాణ్ణి, ఈయనతో నాకు సంబంధం లేదన్నట్టు. "చెయ్యి చాపితే పిడికిలి పది డిగ్రీలప్పా. చిన్నోడికైనా పెద్దోడికైనా అంతే. కొలబద్ద కొనే పనే ల్యా" అని నాకు మూడుసార్లైనా చెప్పుంటాడు. ప్రతిసారీ మొదటిసారి చెప్పినంత సంబరంగా చెప్పేవాడు.

కర్నూలు మనిషి. మా కుర్రాళ్లందరికంటే పదిహేనేళ్లు పెద్ద. టై మీద చేతుల్లేని స్వెటర్ వేసేవాడు, వేసవిలో కూడా. వైటూకే రోజులవి. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో మాకు ఒక ఫ్లోర్ మొత్తం ఇచ్చారు. సంవత్సరానికి రెండంకెలే రాసిన పాత ప్రోగ్రాములన్నీ వెతికి నాలుగంకెలకు మార్చడం మా పని. ఒంగోలు వాణ్ణి నేను, నెల్లూరు వాళ్లు ఇద్దరు, వరంగల్ వాళ్లు, భాయ్. ప్రపంచం మునిగిపోతుందని మేనేజర్లు కంగారు పడుతుంటే ఆయన నవ్వేవాడు. "సంవత్సరాన్ని సగమే రాసి సగం మిగిలిచ్చుకున్యారు. మిగిలిచ్చుకుని ఏం చేసుకున్యారప్పా?"

ఆయనకి నవ్వే హక్కు ఉంది. ఆయన రాసిన పంచాంగం ప్రోగ్రామ్ రెండు వందల ఏళ్ల వెనక్కీ రెండు వందల ఏళ్ల ముందుకీ తిథి చెప్పేది. ఏ ఊరి పేరు కొడితే ఆ ఊరి సూర్యోదయం, రాహుకాలం, వర్జ్యం అన్నీ ఇచ్చేది. మొదట్లో ఫ్లాపీల మీద పంచాడంట, తర్వాత నెట్‌లో పెట్టాడు. లోపలి కోడ్‌తో సహా ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అన్న మాట మాకు అప్పుడప్పుడే చెవిన పడుతోంది. ఆయన ఆ పని ఎప్పట్నుంచో చేస్తున్నాడు.

సాయిబు గారు పంచాంగం కట్టడమేంటని అందరూ అడిగినట్టే నేనూ అడిగాను. దానికి ఆయన కోపం తెచ్చుకోలేదు. చిన్నప్పుడు వాళ్ల వీధిలో ఒక సిద్ధాంతి గారు ఉండేవారట. చూపు మందగించాక పంచాంగం కట్టడానికి అంకెలు చదివి పెట్టే మనిషి కావాల్సొచ్చింది. స్కూలు నుంచి వచ్చి ఈయన చదివిపెట్టేవాడు. రంజాన్ నెలవంక ఎప్పుడు కనపడుతుందో చెప్పమని ఒకరోజు అడిగితే, ముందు అమావాస్య ఎప్పుడు వెళ్తుందో లెక్క నేర్చుకో, నీ నెలవంక దాని వెనకే వస్తుందన్నారట ఆయన. "ఆయప్పకు పాడ్యమి కావాల, నాకు నెలవంక కావాల. ఇద్దరికీ చంద్రుడు ఒకడే కదప్పా" అనేవాడు భాయ్.

ఆ ప్రోగ్రామ్‌కి ప్రపంచమంతా మనుషులుండేవాళ్లు. ఫిజీ నుంచి, డర్బన్ నుంచి, దుబాయ్ నుంచి మెయిలింగ్ లిస్టుకి ఉత్తరాలు వచ్చేవి. ఎవరి ఊరు అందులో లేకపోతే వాళ్లు తమ ఊరి అక్షాంశం రేఖాంశం పంపాలి. భాయ్ ఆ ఊరిని చేర్చి, పంపినవాళ్ల పేరు ఊరి పక్కనే రాసేవాడు. ఒంగోలు పంపింది నేను. ఒంగోలు అని, పక్కన నా పేరు కనపడగానే మా ఆవిణ్ణి పిలిచి మరీ చూపించాను. "అబ్బో" అంది. ఆ వారమంతా నేను నేల మీద లేను.

ఏ పొరపాటు గురించి రాసినా ఆయన జవాబు ఒకే రకంగా మొదలయ్యేది. ఇంగ్లీషు అక్షరాల్లో "నా తప్పు" అని. డర్బన్‌లో ఒకాయన కంప్యూటర్‌లో గడియారం తప్పుగా పెట్టుకుని, ఏకాదశి తప్పొచ్చిందని భాయ్‌ని నానా మాటలూ అన్నాడు. "నా తప్పు. గడియారం సరి చూసుకోమని నేను ముందే చెప్పింటే బాగుండేది" అని రాశాడు ఈయన. నాకు తిక్క రేగింది. "ఏంది భాయ్, వాడి తప్పుకి మీరెందుకు పడటం?" అని అడిగాను. "ఎవరో ఒకరు తీసుకుంటే పని ముందుకు పోతాదప్పా" అన్నాడు, చాలా తేలిగ్గా.

రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ కూలలేదు. ఇంకో వారానికి రంజాన్ ఉపవాసాల్లో ఇరవై తొమ్మిదో రోజు. "సముద్రం కాడికి పోతాన్యా, వస్తావా?" అని భాయ్ నన్ను పిలిచాడు. సీఫర్డ్ బీచ్ పడమటికి తిరిగి ఉంటుంది, సూర్యుడు నీళ్లలో దిగుతాడు. ప్రతి నెలా అక్కడికి వెళ్లి, తన లెక్క నిజమో కాదో కంటితో చూసి నోటుబుక్కులో రాసుకోవడం ఆయన అలవాటు. కారు వెనక సీట్లో ఆరేళ్ల కూతురు, ఒళ్లో వేడి వేడి చిప్స్ పొట్లం. సూర్యుడు దిగగానే ఆయన ఇసుకలో కూర్చుని ఖర్జూరంతో ఉపవాసం విడిచాడు, ఫ్లాస్కులోంచి నాకూ టీ పోశాడు. అప్పుడు లేచి చెయ్యి చాపాడు.

"ఒక్క వేలెత్తు. అక్కడ ఉండల్ల. ఉండాది."

నాకేం కనపడలేదు. బైనాక్యులర్స్ తీసుకున్నాను, అయినా లేదు. ఈదుకుని వస్తున్న ఆస్ట్రేలియన్ కుర్రాళ్లు ఏం చూస్తున్నాం మేట్ అని అడిగి, వాళ్లూ కాసేపు వెతికి పోయారు. కారులోంచి పాప అరిచింది: "డాడ్, ఈజ్ ఇట్ ఈద్ ఆర్ నాట్?"

"నాట్ యెట్, బేటా!"

నోటుబుక్కులో రాసుకున్నాడు: లెక్కకు ఉంది, కంటికి లేదు. "ఉందని తెలుసు కదా భాయ్, ఉందనే రాసుకోవచ్చుగా?" అన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. "చూడందాన్ని చూసినానని రాస్తే ఇంక దీంట్లో ఏముంటాదప్పా?" అన్నాడు. ఆ సాయంత్రం ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పాను.

తర్వాత రెండు నెలలకి నేను చేసింది రాయాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వైటూకే పని అయిపోయి తలోదిక్కు ఉద్యోగాల్లో చేరిపోయాం. నేను మా తెలుగు సంఘానికి కార్యదర్శిని. ఉగాదికి గోడ క్యాలెండర్ వేస్తున్నాం. అంతకుముందు హైదరాబాద్ టైములతో ఉన్నవే తెప్పించి పంచేవాళ్లు. ఇక్కడ పొద్దు పొడిచే వేళ వేరు, రాహుకాలం వేరు, ఒక్కోసారి పండగే ఒక రోజు తేడా. అందుకని ఈసారి మెల్‌బోర్న్ లెక్కతో మనమే వేద్దామని నేనే అన్నాను. భాయ్‌కి ఫోన్ చేస్తే, "అడగాల్సిన పని ల్యా. కింద ఆ ఒక్క లైన్ మాత్రం ఉంచప్పా, చాలు" అన్నాడు. ప్రోగ్రామ్ ప్రతి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఒక లైన్ వేసేది. గణితం నేర్పినవారు ఫలానా సిద్ధాంతి గారు, లెక్క కట్టినవాడు ఫలానా, కర్నూలు. ఆ లెక్క కట్టినవాడు అన్నచోట ఆయన పేరు. ఆయన అడిగిన ఒకే ఒక్క షరతు అది.

ఆదివారం మధ్యాహ్నం కమిటీ మీటింగ్. నమూనా పేజీలు టేబుల్ మీద పరిచాను. డెబ్బైల్లో వచ్చి స్థిరపడ్డ డాక్టర్ అంకుల్ ఒకాయన ఉండేవారు, ఆయన మాటంటే సంఘంలో అందరికీ గురి. కళ్లజోడు పెట్టుకుని పేజీ అడుగున చూశారు.

"ఎవరయ్యా ఇతను?"

అంతే అడిగారు. నేను గబగబా అన్నాను: "మా పాత ఆఫీసాయన అంకుల్. అదీ... ప్రోగ్రామ్ దానంతటదే వేసేస్తుంది. తీసేస్తాను అంకుల్."

"తీసేయమని నేననలేదే" అన్నారాయన. సమోసా తీసుకుని పక్కవాళ్లతో మాటల్లో పడ్డారు.

నిజంగా అనలేదు. ఎవరూ అనలేదు. దేవుడి పటం పక్కన తగిలించే క్యాలెండర్ మీద సాయిబు పేరేంటని రేపెవరో అడుగుతారని నాకు నేనే ఊహించుకున్నాను. అడిగితే జవాబు చెప్పాల్సింది నేను. వచ్చే ఏడు ప్రెసిడెంట్ అవుదామనుకుంటున్నది కూడా నేనే. ఎవరూ అడగని ప్రశ్నకి భయపడి, ఇంటికెళ్లి కోడ్ తెరిచి ఆయన పేరు కొట్టేశాను. సిద్ధాంతి గారి పేరు ఉంచాను. ఊళ్ల పట్టికలో ఒంగోలు పక్కన నా పేరు కూడా చెక్కుచెదరకుండా అక్కడే ఉంది.

ఆ ఏడాది సిడ్నీలో ఒలింపిక్స్. వాటికోసం గడియారాలు ఒక గంట ముందుకు జరపడం అక్టోబర్‌లో కాకుండా ఆగస్టు చివర్లోనే పెట్టారు. దానికి తగ్గట్టు తేదీ మార్చాను. మార్చి చూస్తే వినాయక చవితి దగ్గర్నుంచి టైములన్నీ గంట తేడాగా వస్తున్నాయి. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నా దొరకలేదు. ప్రింటింగ్ ముంచుకొస్తోంది. ఇక చేసేదేముంది, ఫైల్ మొత్తం భాయ్‌కే మెయిల్ చేశాను. అన్నా, కాస్త చూసి పెట్టండి అని.

సెండ్ నొక్కిన పావుగంటకి గుర్తొచ్చింది, ఏ ఫైల్ పంపానో. ఆయన అన్ని లైన్లూ చూడడేమో, అంత టైమ్ ఉండదేమో అని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. "నా తప్పు. ఆ రెండు లైన్లు పక్కపక్కన పెట్టిండకూడదు నేను. పై లైన్ తీస్తే కింది లైన్ కూడా పోయింది. గంట తేడా సరి చేసినా. చవితి పూజ టైమ్ ఒకసారి చూసుకో."

నేను పేరు లైన్ కోసినప్పుడు దాని కింద గడియారం మార్పు చదివే లైన్ కూడా తెగిపోయిందన్నమాట. ఆయన ఆ కింది లైన్ తిరిగి పెట్టాడు. పై లైన్ పెట్టలేదు. తన పేరు లేని ఫైల్‌ని తన చేత్తో బాగుచేసి నాకు పంపాడు. ఒక్క మాట అడగలేదు. రెండు తిట్టుంటే బతికిపోయేవాణ్ణి.

ప్రింటింగ్‌కి ఇంకా మూడు రోజులుంది. పేరు తిరిగి పెట్టడానికి మూడు నిమిషాలు చాలు. పెట్టలేదు. చవితి టైమ్ మాత్రం చూసుకున్నాను, సరిగ్గా ఉంది.

ఉగాది దాటి నెల తిరక్కుండానే లిస్టుకి ఆయన మెయిల్ వచ్చింది. ఇన్నాళ్లూ చేశాను, ఇక తప్పుకుంటున్నాను, పెర్త్‌లో ఉద్యోగం వచ్చింది, ఎవరైనా తీసుకుంటానంటే నోటుబుక్కులతో సహా అప్పగిస్తాను అని నాలుగు ముక్కలు. ఫిజీ నుంచి ఒక పంతులుగారు ఏడ్చినంత పని చేస్తూ రాశారు. డర్బన్ ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. నేనూ రాశాను, అందరికంటే పొడుగ్గా. మీ నిస్వార్థ సేవ, మీ అకుంఠిత దీక్ష, ఇంకా ఏవేవో. చివర్న, మీరు ఒప్పుకుంటే ఆ బాధ్యత నేను తీసుకుంటానని చేర్చాను. ఆ మెయిల్ ఇప్పటికీ ఉంది నా దగ్గర. ఛీ, చదవలేను.

ఎందుకు ముందుకొచ్చానని చాలాసార్లు ఆలోచించాను. ఆ ఫైళ్లు ఇంకొకళ్ల చేతికెళ్తే నేను చేసింది బయటపడుతుందన్న భయం కొంత. లిస్టులో అంతమంది మనుషులు నా మాట వింటారన్న ఆశ కొంత. సేవ అన్నది మాత్రం ఎక్కడా లేదు.

అప్పగింతకి నోబుల్ పార్క్‌లో వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. సామాను సగం అట్టపెట్టెల్లో ఉంది. "తిని పోవల్ల" అని వాళ్లావిడ ముందే చెప్పేసింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నాలుగు గంటలు కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు భాయ్. ఏ ఊళ్లో ఎవరు నమ్మకస్తులు, ఎవరికి ఓపిగ్గా జవాబివ్వాలి, అధికమాసం వచ్చినప్పుడు ఎక్కడ జాగ్రత్త పడాలి. నేను తలూపుతూ ఉన్నాను. ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని ప్రతి మాటకీ అనుకున్నాను. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, ఫ్రిజ్ పక్కన గోడకి మా క్యాలెండర్ తగిలించి ఉంది. రీసైక్లింగ్ బిన్ బయటపెట్టే రోజులకి పెన్నుతో టిక్కులు పెట్టుకున్నారు.

గడప దాకా వచ్చాక ఇక పట్టలేక మొదలుపెట్టాను. "భాయ్, ఆ క్యాలెండర్‌లో..."

"మంచిగా వచ్చిందప్పా" అన్నాడు, భుజం మీద చెయ్యి వేసి. "ప్రింట్ బాగుండాది. ఇంట్లో అందరం అదే చూస్తాన్యాం."

నేను థాంక్స్ భాయ్ అని మెట్లు దిగేశాను. ఆయన నన్ను తప్పించాడో, ఇక నా నోటి మాట వినదలుచుకోలేదో ఈ రోజుకీ నాకు తెలీదు.

ఇంటికెళ్లి ఆయన ఇచ్చిన ఆఖరి ఫైళ్లు తెరిచాను. ఏ మార్పు ఎప్పుడు ఎందుకు చేశాడో వరసగా రాసుకునే చిట్టా ఒకటి ఉండేది అందులో. ఆఖరి మార్పు దగ్గర ఇలా ఉంది: "నా తప్పు. పేరు అక్కడ పెట్టింటే వాడేవాళ్లకు ఇబ్బంది. తీసేసినా." అన్ని పేజీల్లోంచీ తన పేరు తనే తీసేశాడు. ఇకమీదట నా బోటివాడెవడూ కత్తి పట్టుకునే అవసరం లేకుండా చేసి మరీ వెళ్లాడు.

తర్వాతదంతా నా వైభవం. వెబ్‌సైట్ పెట్టాను, ఫోన్లొచ్చాక యాప్ చేశాను. రెండు ఊళ్లలో శాలువా కప్పారు. యాప్‌లో నా పేరుంది. సంఘానికి ప్రెసిడెంట్ కూడా అయ్యాను, ఆ డాక్టర్ అంకులే నా పేరు ప్రతిపాదించారు. ఆయన పేరు తిరిగి పెడదామని ప్రతి ఉగాదికీ అనిపించేది. పెడితే ఇన్నేళ్లు ఎందుకు లేదని అడుగుతారు కదా, వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేవాణ్ణి. ఇరవై ఉగాదులు వచ్చి పోయాయి.

గృహప్రవేశం నుంచి వచ్చిన పది రోజులకి పెర్త్ నుంచి ఫోన్ వచ్చింది. భాయ్ కూతురు, ఆ రోజు బీచ్ దగ్గర కారులో ఉన్న పాప. ఇప్పుడు అక్కడే పియారా వాటర్స్‌లో ఉంటుందట, ఇద్దరు పిల్లలు. యాప్‌లో నా నంబర్ చూసి చేసింది. నేను తెలుగులో పలకరిస్తే అర్థం చేసుకుంటోంది, జవాబు ఎక్కువగా ఇంగ్లీషులోనే చెప్తోంది. నాన్న పేరు ఉన్న పాత పేజీ ఒక్కటైనా దొరుకుతుందా అంకుల్, పిల్లలకి చూపించాలి అంది. ఇంట్లో ఒక్క కాపీ లేదంట.

"వెతుకుతానమ్మా" అన్నాను. ఆయనిచ్చిన పాత ఫ్లాపీలు గరాజ్‌లో ఉన్నాయి, ఇప్పుడవి చదవవని నాకు తెలుసు.

ఆ అమ్మాయి ఇంకో మాట అడిగింది. "డాడ్ ఆల్వేస్ సెడ్, పేరు తనే తీసేశాడని. ఈజ్ దట్ ట్రూ, అంకుల్?"

"నిజమేనమ్మా. ఆయనే తీశారు."

"బట్ వై? డిడ్ సమ్‌వన్ సే సమ్‌థింగ్?"

అవతల చిన్నపిల్లలు దేనికోసమో గోల చేస్తున్నారు. నేనేనమ్మా అనడానికి ఒక్క క్షణం చాలు.

"తెలీదమ్మా" అన్నాను.

మర్నాడు ఆ లైన్ మళ్లీ టైప్ చేశాను. సిద్ధాంతి గారి పేరు, దాని పక్కన ఆయన పేరు, కర్నూలు. ఒక పేజీ తీసి ఆ అమ్మాయికి పంపాను. ఎంత సంతోషపడిందో! ఎప్పటిదో పాత పేజీ దొరికిందనుకుంది. నేను కాదనలేదు.

ఇవన్నీ ఆ అమ్మాయికి చెప్పాల్సిన మాటలు, మీకు కాదు. ఆ అమ్మాయికి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అది తెలిసే తెలుగులో రాశాను.